బుడాన్ భాయి తన మౌనం పట్టుకుపోయిన ఆదివారం

ఆదివారం వచ్చిందంటే తెల్లారి ఆరింటికల్లా శ్రీరమ్య టీచరు బ్యారన్ల గ్రౌండులో ఉండేది. బండికి స్టాండు వేసి, డిక్కీలోంచి రెండు సున్నం డబ్బాలు తీసేది. ఒకదాంట్లో తెల్ల సున్నం, రెండోదాంట్లో నీలిమందు కలిపిన సున్నం. తెల్ల సున్నంతో ఆట గీతలు గీసేది. టచ్‌లైను, పెనాల్టీ బాక్సు, నడిమి వలయం అన్నీ అరగంటలో అయిపోయేవి. ఆ తర్వాత అసలు పని మొదలయ్యేది. ఎడమ చేత్తో చిన్న ఇత్తడి గంట వాయించుకుంటూ గ్రౌండంతా నడిచేది. గంట ఎక్కడ మోగడం మానేస్తుందో అక్కడ వంగి నీలి గీత గీసేది. మళ్ళీ ఎక్కడ మోగుతుందో అక్కడ ఇంకో గీత. ఆ రెండు గీతల మధ్య ఉన్నది ఎవరిదో ఒకరి మౌనం.

కొత్తగారపాడులో ఇది అందరికీ తెలిసిన సంగతే. పిచ్ మీద గుంట ఉంటే ఎలా పక్కకి జరిగి ఆడతారో, మౌనం ఉంటే అలా చూసుకుని ఆడేవాళ్ళు. ఆ నీలి గీత లోపల వెయ్యివాలా టపాకాయలు పేల్చినా అగరొత్తి వెలిగించినట్టే ఉండేది. ఒకసారి దారి తప్పి వచ్చిన గేదె ఒకటి అందులో నిలబడి గట్టిగా అరిచింది. తన అరుపు తనకే వినపడక సిగ్గుపడి, పదిహేను రోజులు పాలివ్వలేదు. ఆ గేదె ఇప్పటికీ ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి అడగొచ్చు.

అలాంటి గ్రౌండులో శ్రీరమ్య రిఫరీ.

ఆవిడ విజిలంటే మాటలు కాదు. హైస్కూల్లో పీఈటీ టీచరుగా చేరిన మొదటి రోజు ప్రేయరుకి ఊదితే, హైవే మీద లారీలన్నీ ఆర్టీవో గారొచ్చారనుకుని వరసగా పక్కకి ఆగాయి. గాలి అటువైపుంటే గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు భోజనాలకి లేచిపోయేవారు. అంతటి విజిలూ నీలి గీత దాటి లోపలికి వెళ్తే ఒట్టి ఊపిరే.

ఈ మౌనాలు ఊరికే రాలేదు. నాలుగేళ్ళ కిందట మాలిక్ మాస్టారు పోయారు. ఊరికి ఫుట్‌బాల్ తెచ్చింది ఆయనే. పొగాకు బ్యారన్లు కూలిపోయాక ఖాళీగా పడి ఉన్న ఈ నల్లరేగడి చెక్కని చదును చేయించిందీ ఆయనే. ఆయన కార్నర్ కొడితే బంతి మూడు మలుపులు తిరిగి, గోల్‌కీపర్ని పలకరించి మరీ వలలోకి వెళ్ళేది. ఆయన పోయిన ఆదివారం మ్యాచ్‌కి ముందు ఊరంతా రెండు నిమిషాలు నిలబడింది. పక్కనే మిరపకాయలు తొక్కుతున్నారు, గాలినిండా ఘాటు. అయినా ఒక్కడికి తుమ్ము రాలేదు. అంత నిజమైన మౌనం. రెండు నిమిషాలయ్యాక అందరూ కదిలారు గానీ, మౌనం మాత్రం నడిమి వలయం దగ్గర అలాగే ఉండిపోయింది, మిరపకాయలు ఆరబోసుకునే పట్టా పరిచినట్టు.

"మాస్టారిది కదా, ఉండనీ" అన్నారంతా.

అక్కడితో ఆగుంటే ఏ బాధా లేకపోయేది. మాస్టారికి ఇచ్చినప్పుడు మా మావయ్యకి ఇవ్వరా అన్నాడు పాత ఉపసర్పంచి. ఆయనకిచ్చారు. మీ మావయ్యకిచ్చి మా బావకి ఇవ్వరా అన్నారు అవతలి వీధివాళ్ళు. వాళ్ళకీ ఇచ్చారు. ఆ తర్వాత జెర్సీలు కుట్టించిన ఆసామి తాలూకు ఒంగోలు ఎద్దు పోయింది. బండలాగుడులో ఏడు జిల్లాలు గెలిచిన ఎద్దు, దానికి నిమిషంన్నర. ఎక్కడో సముద్రాలవతల పోయిన ఆటగాళ్ళకి కూడా నిలబడ్డారు. మైకులో వాళ్ళ పేర్లు మూడుసార్లు చదివితే మూడు రకాలుగా వచ్చేవి.

చేతికి కట్టే నల్ల రిబ్బన్లు ఒకటి రెండై, రెండు నాలుగై, మోచేతి నుంచి భుజం దాకా పాకి, ఏ జట్టు జెర్సీ ఏదో తెలియకుండా పోయింది. గోల్ కొట్టినవాడు ముందు ఫ్లెక్సీల దగ్గరికి పరిగెత్తి, ఒక్కో ఫొటో ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, ఆకాశం వైపు వేలు చూపించి, కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి ఆట సగమయ్యేది. ఒకడైతే పొరపాటున కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ ముందు కూడా ఏడ్చి వచ్చాడు.

ఇది ఎక్కువైందని అందరికీ తెలుసు. టీకొట్టు దగ్గర అనుకునేవాళ్ళు కూడా. మైకు దగ్గరికొచ్చి ఎవరనగలరు? చావు సంగతి. ఇవాళ వద్దన్నవాడికి రేపు ఎవరు నిలబడతారు? అలా నాలుగేళ్ళలో గ్రౌండు మీద నలభై ఆరు మౌనాలు పడ్డాయి. ఇక చప్పుడు మిగిలింది తూర్పు గోల్ ముందు ఇరవై అడుగుల మేర మాత్రమే.

శ్రీరమ్యకి వచ్చిన చిక్కల్లా ఇదే. రాష్ట్ర స్థాయి రిఫరీ బ్యాడ్జీ కావాలంటే సొంత లీగు మ్యాచ్‌లో పరీక్ష పెడతారు. రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ ఫారం మీద "విజిల్ వినిపించలేదు" అని రాసుకుపోయారు. మూడోసారి ఈ ఆదివారం ఫైనల్లో. నాలుగోసారి లేదు. వచ్చే నెలకి ఆవిడకి ముప్పై అయిదు నిండుతాయి, ఆ తర్వాత ఈ పరీక్షకి రానివ్వరు.

శనివారం సాయంత్రం ఆవిడ గ్రౌండుకి వెళ్ళేసరికి తూర్పు గోల్ వెనక కొత్త ఫ్లెక్సీ లేస్తోంది. గోల్‌పోస్టుకి మూడింతల ఎత్తు. దాంట్లో కీర్తిశేషులు బుల్లయ్య గారు తెల్ల చొక్కాతో, మబ్బుల మధ్య నిలబడి, కాలి కింద ఫుట్‌బాల్ పెట్టుకుని ఉన్నారు. కింద నిలబడి తాళ్ళు బిగించమని కేకలేస్తున్నది ఆయన కొడుకు నాగేంద్రబాబు. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనరు, టోర్నమెంటు కమిటీకి ప్రెసిడెంటు.

"రేపు నాన్నగారి సంవత్సరీకం టీచర్. మ్యాచ్‌కి ముందు పది నిమిషాలు మౌనం" అన్నాడు.

"పదా?"

"పదిహేను అనుకున్నా. ఎండలు కదా, తగ్గించా."

"ప్రెసిడెంటు గారూ, రెండు నిమిషాలకే పట్టా అంత మేర పడుతోంది. పది నిమిషాలంటే ఇక్కణ్ణుంచి రోడ్డు దాకా పోతుంది. రేపు నా పరీక్ష. విజిల్ ఎక్కడ ఊదుకోమంటారు?"

"బయట నిలబడి ఊదండి."

"బయట నిలబడేదాన్ని రిఫరీ అనరండి, ప్రేక్షకురాలంటారు."

నాగేంద్రబాబు తాడు వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు. "అయితే రెండు నిమిషాలే ఇమ్మంటారా మా నాన్నకి? ఆ ఎద్దుకి నిమిషంన్నర ఇచ్చారు. ఎద్దు కన్నా అర నిమిషమే ఎక్కువా ఆయన?"

స్తంభానికి మైకు కడుతున్న సిలార్, "ఎద్దు కూడా మంచిదేలే బాబూ" అన్నాడు.

సిలార్ ఆ గ్రౌండుకి గొంతు. ముప్పై ఏళ్ళుగా స్కోరు చెప్పేదీ ఆయనే, మౌనం పాటించమనేదీ ఆయనే. శ్రీరమ్య ఆయన దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా, "బాబాయ్, నువ్వన్నా చెప్పరాదా?" అంది.

"మైకు నాది, మాట కమిటీది టీచరమ్మా. నేను చెప్తే వినేదుంటే ఈ పాటికి దేశం బాగుపడేది. తొంభై రెండులో ఫైనల్ మధ్యలో కరెంటు పోతే, మైకు లేకుండా నలభై నిమిషాలు కామెంట్రీ చెప్పా. ఒంగోల్లో కూర్చుని స్కోరు రాసుకున్నారు. అలాంటి గొంతు ఇప్పుడు దేనికి పనికొస్తోంది? అందరూ నోళ్ళు మూసుకోండి అని చెప్పడానికి."

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పెట్టే జెస్సీ మేడం తాడేపల్లి నుంచి బస్సులో దిగింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో క్యారేజీ, చంకలో ఫారం. నీలి గీతలన్నీ ఒకసారి చూసింది.

"ఎన్నమ్మా ఇవి?"

"నలభై ఆరు మేడం. ఇవాళ్టితో నలభై ఏడు."

"మా వైపు మౌనాలు నిలవవు. కృష్ణ గాలికి నీళ్ళలో పడి పోతాయి. మీది నల్లరేగడి, ఏది పడినా పట్టుకుంటుంది." మేడం గొడుగు మడిచింది. "చూడమ్మా, ముందే చెప్తున్నా. విజిల్ వినిపించిందా లేదా, అంతే నేను రాయాల్సింది. ఎందుకు వినిపించలేదో రాయడానికి ఫారంలో చోటు లేదు."

శ్రీరమ్య సరేనంది. మెడలో విజిల్ పట్టుకుంటే చెమటకి జారింది.

మూడింటికి పిడుగురాళ్ళ సున్నం బట్టీల జట్టు వ్యానులో వచ్చింది. కుర్రాళ్ళందరూ దిగాక, ముందు సీట్లోంచి వాళ్ళ కోచ్ దిగాడు. అరవై దాటిన మనిషి, పిక్కలు మాత్రం ఇంకా పాతికేళ్ళవే. దిగి, నడుం విరుచుకుని, ఎదురుగా పాత ఫ్లెక్సీల వరసలో ఒకదాని వైపు చూశాడు. ఫ్లెక్సీలో కూడా ఆయనే ఉన్నాడు. మెడలో దండ, కింద "బుడాన్ భాయికి అశ్రునివాళి, మీరు లేని లోటు తీరనిది" అని.

బుడాన్ ఈ ఊరివాడే. ఒకప్పుడు కొత్తగారపాడు జట్టుకి ఎడమ వైపు ఆడేవాడు. ఆయన బంతితో పరిగెత్తితే నీడ వెనకబడిపోయి మర్నాడు పొద్దున ఇంటికి చేరేది. పద్దెనిమిదేళ్ళ కిందట పనికోసం పిడుగురాళ్ళ వెళ్ళిపోయాడు.

మైకు కరకరలాడింది. "ఒక చిన్న సవరణ" అన్నాడు సిలార్. "గత నెల మనం ఘనంగా నివాళి అర్పించిన బుడాన్ భాయి గారు ఇప్పుడే గ్రౌండుకి విచ్చేశారు. వారికి కమిటీ తరఫున స్వాగతం."

జనం చప్పట్లు కొట్టారు. తూర్పు వైపు కూర్చున్నవాళ్ళ చప్పట్లు వినిపించాయి, మిగతావాళ్ళవి కనిపించాయి.

బుడాన్ నేరుగా మైకు దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్ సిలారూ, నేనెప్పుడు పోయాన్రా?"

"పోయిన నెల పద్నాలుగున. గ్రూపులో నీ ఫొటో దండతో వచ్చింది. నలభై ముగ్గురు ఓం శాంతి పెట్టారు."

"అది బట్టీలో మేస్త్రీగా పాతికమందికి పని నేర్పానని కుర్రాళ్ళు వేసిన దండరా. కింద రాసుంది కదా."

"కింద ఎవడు చదువుతాడు? దండ చూశాం, దణ్ణం పెట్టాం. అయినా నువ్వు కూడా పెట్టావు కదరా దణ్ణం."

బుడాన్ కొంచెం ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "అంతమంది పెడుతుంటే ఎవరో పెద్దాయన పోయాడనుకున్నా. పైకి జరిపి చూసే ఓపిక ఎవరికుంది? అది సరే, పోయాననుకున్నారు, ఒక్కడన్నా మా ఇంటికి రావద్దూ? మా ఆవిడ అమీర్‌బీ ఎలా ఉందో చూడొద్దూ?"

"అంత దూరం ఎవరొస్తార్రా. ఇక్కడే నిలబడ్డాం, మూడు నిమిషాలు."

"మా దాంట్లో పోయినవాడికే మూడు రోజులకి మించి ఏడవకూడదు. బతికున్నవాడికి నెల రోజుల్నించి ఫ్లెక్సీ ఏందిరా." బుడాన్ గ్రౌండు వైపు తిరిగాడు. "ఏదీ, నాదెక్కడ?"

శ్రీరమ్య తీసుకెళ్ళి చూపించింది. ఎడమ టచ్‌లైను పక్కన, ఆయన ఒకప్పుడు పరిగెత్తిన చోటే ఉంది, పొడుగ్గా. బుడాన్ నీలి గీత దాటి లోపలికి అడుగుపెట్టాడు. ఏదో అన్నాడు, పెదాలు మాత్రం కదిలాయి. కొత్త చొక్కా తొడుక్కుని భుజాలు సర్దుకున్నట్టు సర్దుకుని, అటూ ఇటూ నడిచి చూశాడు. ఆ తర్వాత వంగి, వాన మబ్బు చూసిన రైతు కల్లంలో పట్టా అంచు పట్టుకున్నట్టు, మౌనం అంచు పట్టుకుని లేపాడు. లేచింది. మోకాలితో నొక్కుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరిదాకా చుట్టచుట్టుకుంటూ వచ్చి, భుజాన వేసుకున్నాడు.

అది లేచిన చోట చప్పుడంతా ఒక్కసారిగా ఊడిపడింది. గడ్డిలో కీచురాళ్ళు, ఎగిరిపోతున్న గోరింక, నెల రోజులుగా అక్కడే నిలబడి అరుస్తూ ఒక్క పొట్లమూ అమ్మలేకపోయిన వేరుశెనక్కాయలవాడి కేక.

శ్రీరమ్య పక్కనున్న మౌనం అంచు తనూ పట్టుకుని లాగి చూసింది. చేతిలోకి గడ్డిపరకలు వచ్చాయి.

"ఎలా లేపావు బాబాయ్?"

"నాది కదమ్మా, చేతికొచ్చింది. మా ఇల్లు రెండు కంకర మిల్లుల మధ్య. పద్దెనిమిదేళ్ళ నుంచి మీ పిన్ని మధ్యాహ్నం కునుకు తీయలేదు. మంచం మీద పరిస్తే హాయిగా పడుకుంటుంది." బుడాన్ ఆ చుట్టని వ్యాను మీద పడేసి తాడు కట్టాడు. అప్పటిదాకా దడదడలాడుతున్న వ్యాను ఇంజను గుటక మింగినట్టు ఊరుకుంది.

శ్రీరమ్య గ్రౌండు వైపు చూసింది, మ్యాచ్‌కి ఇంకా ముప్పావుగంట టైముందని వాచీ చూసుకుంది, ఆ తర్వాత ఒక్క పరుగున మైకు దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఎవరి మౌనం వాళ్ళొచ్చి పట్టుకెళ్ళమని చెప్పు."

"కమిటీని అడగొద్దూ?"

"నీ గొంతు ఒంగోలు దాకా పోతుందన్నావు. నాకు అంతక్కర్లేదు, ఊళ్ళోకి పోతే చాలు."

సిలార్‌కి రోషం వచ్చింది. మైకు ఆపేశాడు. గొంతు సవరించుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని చెప్పాడు. ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల పదమూడు ఊళ్ళల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. సత్తెనపల్లిలో ఒకాయన తన మౌనం ఎక్కడుందో అని ఇల్లంతా వెతుక్కున్నాడు.

పావుగంటలో జనం మొదలయ్యారు. ముందు వచ్చింది మాలిక్ మాస్టారి కూతురు అర్ఫా. నడిమి వలయం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుంది. బయటికొచ్చేటప్పుడు చుట్ట ఆమె చంకలో ఉంది. "నాలుగేళ్ళు ఎండలో వానలో ఉన్నా ఇంకా మెత్తగానే ఉంది టీచర్" అని, స్కూటీ మీద ముందు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎద్దు తాలూకు ఆసామి ట్రాక్టరు తెచ్చాడు. జతలో రెండోది మేత సరిగ్గా తినడం లేదట, దాని కొట్టంలో పరుస్తానన్నాడు. కొందరు ఏది తమదో మర్చిపోయి, ఫ్లెక్సీలు చూసుకుని గుర్తుపట్టారు. పాత ఉపసర్పంచి మావయ్య మౌనం పట్టుకుని లాగితే తడి అప్పడంలా చిరిగి చేతిలోనే కరిగిపోయింది. ఆయన అటూ ఇటూ చూసి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. పక్కనున్నవన్నీ లేచిపోయేసరికి, ఎవరివీ కాని పరదేశి ఆటగాళ్ళ మౌనాలు ఆసరా లేక గాలికి లేచి చీరాల వైపు కొట్టుకుపోయాయి. ఆ సాయంత్రం అక్కడ రెండు గంటలు సముద్రం అలలు చప్పుడు లేకుండా వచ్చి పోయాయి.

నాలుగింటికి పది నిమిషాల ముందు గ్రౌండంతా ఖాళీ. ఇక మిగిలింది ఇంకా పాటించని మౌనం ఒక్కటే.

నాగేంద్రబాబు తండ్రి ఫ్లెక్సీ కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేను మాత్రం తగ్గేది లేదు. పది నిమిషాలూ ఇక్కడే" అన్నాడు.

శ్రీరమ్య రెండు చేతులూ జోడించింది. "మీకు దణ్ణం పెడతా ప్రెసిడెంటు గారూ. ఇప్పుడు పడితే దాన్ని మళ్ళీ లేపేసరికి మ్యాచ్ అయిపోతుంది. మేడం వెళ్ళిపోతారు."

"మీకు బ్యాడ్జీ గురించి బెంగ. నా బెంగ నాది. అందరూ చుట్టచుట్టుకుని ఇళ్ళకి పట్టుకుపోయారు, బాగానే ఉంది. ఇక ఈ ఊళ్ళో మా నాన్నని ఎవరు తల్చుకుంటారు?"

జెస్సీ మేడం వాచీ చూసుకుంది.

షామియానా కింద మొదటి వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్న సుబ్బరావమ్మ లేచింది. బుల్లయ్య గారి భార్య, నాగేంద్రబాబు తల్లి. కర్ర లేకుండా నడవలేని మనిషి, కర్ర కుర్చీ దగ్గరే వదిలేసి వచ్చింది.

"ఏరా బాబూ, మీ నాన్న ఎప్పుడన్నా పది నిమిషాలు నోరు మూసుకున్నాడా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నిద్రలో కూడా రిఫరీని తిట్టేవాడు కదరా. ఈ గ్రౌండంటే ఆయనకి ఎందుకంత ప్రాణం? గొంతు చించుకుని అరవడానికి ఊళ్ళో ఇంకో చోటు లేదని. ఆయన పేరు చెప్పి ఆ గొంతులన్నీ నొక్కుతావా?"

"గౌరవం కోసమే కదమ్మా."

"గౌరవానికేం, బస్టాండులో ఫ్లెక్సీ ఉంది, కోల్డ్ స్టోరేజీ గేటు మీద ఫ్లెక్సీ ఉంది. ఆయన పోయి ఏడాదయింది. ఇంట్లో నా పక్కన పది నిమిషాలు కూర్చున్నావా నువ్వు? వస్తావు, టిఫిను తింటావు, ఫోను చెవిన పెట్టుకుని పోతావు."

నాగేంద్రబాబు నోరు తెరిచాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో ఎవరూ లెక్కపెట్టలేదు. వాచీలున్నవాళ్ళందరూ నేల వైపు చూస్తున్నారు.

"ఆ పది నిమిషాలూ నాకు ఇంటి దగ్గర ఇవ్వు" అంది సుబ్బరావమ్మ. "ఇక్కడ ఆట కానీ."

కొడుకు ఫ్లెక్సీ వైపు ఒకసారి తలెత్తి చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కానివ్వండి టీచర్" అన్నాడు.

సరిగ్గా నాలుగింటికి శ్రీరమ్య నడిమి వలయంలో నిలబడి విజిల్ ఊదింది.

నాలుగేళ్ళుగా లోపల దాచుకున్నదంతా ఆ ఊపిరిలోనే ఉంది. కొబ్బరిచెట్ల మీది కాకులు లేచి, గుంటూరు దాకా పోయి, దారి కనుక్కుని మర్నాడొచ్చాయి. చిలకలూరిపేట డిపోలో కండక్టర్లు రైట్ రైట్ అన్నారు. పక్క కల్లంలో మిరపకాయలు తొడిమల దగ్గర వదులైపోయి, కూలీలకి ఆ రోజు తొడిమలు తీసే పని తప్పింది. జెస్సీ మేడం చెవిలో వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఫారం మీద ఏదో రాసుకుంది. రాసి, పెన్ను మూత పెట్టలేదు. ఆట ఇంకా ఉంది.

ఆట కూడా అలాంటిలాంటి ఆట కాదు. బంతి తన్నితే తన్నిన చప్పుడు వినపడుతుంటే ఆడేవాళ్ళకే కొత్తగా ఉంది. ఒకడు తన కాలి చప్పుడుకి తనే ఉలిక్కిపడి గోల్ కొట్టాడు. ఎనభై ఏడో నిమిషానికి చెరొక గోలుతో సమానంగా ఉన్నారు. అప్పుడు తూర్పు గోల్ ముందు, పెనాల్టీ బాక్సులో, కొత్తగారపాడు డిఫెండరు పిడుగురాళ్ళ కుర్రాడి చొక్కా వెనక నుంచి పట్టుకున్నాడు. చిన్న లాగుడే. చూసినవాళ్ళు తక్కువ.

శ్రీరమ్య చూసింది. ఊదింది. పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించింది.

గ్రౌండు పేలిపోయింది.

"కళ్ళు కోల్డ్ స్టోరేజీలో పెట్టొచ్చావా టీచరూ?"

"మన జీతం తిని వాళ్ళకి ఊదుతుందిరా."

"అది విజిలా, ప్రెషర్ కుక్కరా? మూడు కూతలయ్యాక దించెయ్యండి."

అందరి కన్నా ముందు వరసలోంచి వచ్చిన గొంతు మాత్రం వేరు. సుబ్బరావమ్మ కుర్చీ ఎక్కి నిలబడింది. కర్ర గాల్లో తిప్పుతూ తిడుతోంది. అవి ఆవిడ తిట్లు కావు, బుల్లయ్య గారివి, ముప్పై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని విన్నవి. రిఫరీ చూపుతో మొదలుపెట్టి, చదువు మీదుగా, ఆవిడకి లైసెన్సు ఇచ్చిన ఆఫీసు దాకా, ఒక్క మాట వరస తప్పకుండా అప్పజెప్పింది. వెనకున్న ముసలాళ్ళు గుర్తుపట్టి, ఆయన ఆగే చోట ఆగి, అందుకునే చోట అందుకున్నారు. నాగేంద్రబాబు తల్లి పడిపోకుండా కుర్చీ పట్టుకున్నాడు. ఓడిపోతున్నది తన జట్టే. అయినా నవ్వుతున్నాడు, చెంపల మీద తడి ఎండకి మెరుస్తోంది.

శ్రీరమ్య చెయ్యి దించలేదు. ఒక్కొక్క తిట్టూ చెవిన పడుతుంటే నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదు.

పెనాల్టీ లోపలికి వెళ్ళింది. పిడుగురాళ్ళ రెండు, కొత్తగారపాడు ఒకటి. ఆఖరి విజిల్ కూడా అందరికీ వినిపించింది.

జనం చెదిరాక జెస్సీ మేడం దగ్గరికొచ్చింది. "అంతమంది అన్ని మాటలంటుంటే నవ్వుతున్నావేంటమ్మా?"

"విజిల్ వినపడకపోతే తిట్టరు కదా మేడం."

మేడం సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, ఫారం చేతికిచ్చింది. "వచ్చే నెల కాకినాడలో మ్యాచ్ ఉంది. రైలు టిక్కెట్టు ఇప్పుడే తీసుకో, దొరకవు. ఈ బస్సు పోతే నాకూ ఇంకోటి లేదు" అంటూ గొడుగు తెరుచుకుని రోడ్డు వైపు నడిచింది.

శ్రీరమ్య ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని బండి తీసింది. నాగేంద్రబాబు ఇంటి ముందుకి వచ్చేసరికి బండి చప్పుడు ఆగిపోయింది. ఇంజను ఆగలేదు, చప్పుడే ఆగింది. అరుగు మీద తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆయన ఫోను కిటికీలో బోర్లించి ఉంది. ఎదురుగా వస్తున్న ఆటో ఒకటి చప్పుడు లేకుండా వచ్చి, ఇల్లు దాటాక మళ్ళీ దడదడలాడింది. శ్రీరమ్య తల వంచుకుని దాటింది.

ఊరి చివర టీకొట్టు దగ్గర పదిమంది గ్లాసులు పట్టుకుని ఇంకా వాదించుకుంటున్నారు. ఆవిణ్ణి చూడగానే ఒకాయన బెంచీ మీద నుంచి లేచి, "అది పెనాల్టీ కాదు టీచరూ, మా తాతొచ్చి చెప్పినా కాదు" అని మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అందుకున్నారు.

శ్రీరమ్య బండి నెమ్మది చేసింది, ఒక్క మాట కూడా పోకుండా.